రాయ్‌పూర్‌లో తక్కువ ఖర్చుతో భోజనం, వినోదం: కొత్తవారికి నగర పరిచయం

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌కు తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవారి సంఖ్య తక్కువేమీ కాదు. ఎన్ఐటీ, ఐఐఎం, ఎయిమ్స్, న్యాయ విశ్వవిద్యాలయం వంటి సంస్థల్లో చదివే విద్యార్థులు, ఉక్కు, సిమెంటు, బియ్యం మిల్లుల పనులపై వచ్చే ఉద్యోగులు, కార్మికులు, వ్యాపారులు వారిలో ఉన్నారు. పిల్లల గుండె జబ్బులకు ఉచితంగా శస్త్రచికిత్సలు చేసే శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రి నవా రాయ్‌పూర్‌లో ఉంది. చికిత్స ఉచితమైనా, రోగి వెంట ఉండే తల్లిదండ్రులకు రోజూ తిండి, ప్రయాణ ఖర్చులు తప్పవు. హిందీ అంతగా రాని కుటుంబానికి కొత్త ఊళ్లో ఏది తినాలో, ఎక్కడ కాసేపు సేదతీరాలో తెలియకపోతే ఉన్న డబ్బు నాలుగు రోజుల్లోనే కరిగిపోతుంది. అలాంటివారికి, విదేశాల నుంచి వచ్చేవారికి ఉపయోగపడే వివరాలివి.

చేరుకోవడం ఎలా?

విజయనగరం-రాయ్‌పూర్ రైలు మార్గం 1931లో పూర్తయింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచే ఈ మార్గం ఉత్తరాంధ్ర ప్రజలను మహానది మైదానంతో కలిపింది. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా రైళ్లు నడుస్తాయి. దుర్గ్-విశాఖపట్నం వందేభారత్ రైలు 2024 సెప్టెంబరు 16న ప్రారంభమైంది. ఖర్చు తగ్గించుకోదలచినవారు సాధారణ ఎక్స్‌ప్రెస్, ప్యాసింజర్ రైళ్లను ఎంచుకోవచ్చు. సికింద్రాబాద్ నుంచి నాగ్‌పూర్, గోందియా మీదుగా రైళ్లున్నాయి. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలు కూడా నడుస్తాయి. స్వామి వివేకానంద విమానాశ్రయం నగర శివారులోని మానా వద్ద ఉంది.

పాత రాయ్‌పూర్‌కు, పరిపాలన కార్యాలయాలున్న నవా రాయ్‌పూర్‌కు మధ్య 20 కిలోమీటర్లకు పైగా దూరం ఉంటుంది. కొత్తవారు మొదట గమనించాల్సిన విషయం ఇదే. ఆటోకు మాట్లాడుకుంటే ఖర్చు ఎక్కువవుతుంది. బస్సులు, రైలు చౌక. మందిర్ హసౌద్, నవా రాయ్‌పూర్ మీదుగా అభన్‌పూర్ వరకు వెళ్లే మెమూ రైలు 2025 మార్చి 30న మొదలైంది. తరువాత దానిని రాజిం వరకు పొడిగించారు.

రొట్టెల ఊరు కాదు, అన్నం ఊరు

హిందీ మాట్లాడే రాష్ట్రం కాబట్టి రొట్టెలే దొరుకుతాయని తెలుగువారు అనుకోవడం సహజం. వాస్తవం వేరు. ఛత్తీస్‌గఢ్‌ను ‘ధాన్ కా కటోరా’, అంటే ధాన్యపు గిన్నె అంటారు. రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 23 వేలకు పైగా వరి రకాల విత్తనాలు భద్రపరిచారు. శాస్త్రవేత్త ఆర్.హెచ్. రిఛారియా ఊరూరా తిరిగి సేకరించిన రకాలు దీనికి పునాది. సర్గుజా ప్రాంతపు జీరాఫూల్ బియ్యానికి 2019లో, ధమ్‌తరీ జిల్లా నగరీ దూబ్‌రాజ్ బియ్యానికి 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇక్కడి పల్లె వంటలో బియ్యం, బియ్యప్పిండి, మినుములు, ఆకుకూరలదే పెద్దపీట. అందువల్ల పేర్లు కొత్తగా వినిపించినా రుచులు తెలుగువారికి పరాయివి కావు. ‘ఐర్సా’ అంటే మన అరిసె. బియ్యప్పిండి, బెల్లంతోనే చేస్తారు. ‘బరా’ అంటే మినప గారె. ‘చీలా’ బియ్యప్పిండితో పోసే అట్టు. ‘ఫరా’ బియ్యప్పిండి ముద్దను పొడవుగా చేసి ఆవిరిపై ఉడికించే వంటకం. కుడుములు తిన్నవారికి ఇది వెంటనే నచ్చుతుంది. ‘చౌసేలా’ బియ్యప్పిండి పూరీ. ‘అంగాకర్ రోటీ’ని బియ్యప్పిండిలో అన్నం కలిపి, ఆకుల మధ్య పెట్టి నిప్పులపై కాలుస్తారు. మందంలో దిబ్బరొట్టెను పోలి ఉంటుంది. ‘రఖియా బడీ’ బూడిద గుమ్మడి వడియాలే.

అన్నిటికంటే దగ్గరి బంధువు ‘బోరే బాసీ’. వండిన అన్నాన్ని నీటిలో నానబెట్టి, పెరుగు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పచ్చడితో తింటారు. అప్పటికప్పుడు నానబెట్టినది బోరే, రాత్రంతా నానినది బాసీ. మన చద్దన్నానికి, తరవాణికి ఇది తోబుట్టువు. ఎండలో పనిచేసే రైతులు, కూలీల ఆహారంగా పేరున్న దీనికి గౌరవం కల్పించే ఉద్దేశంతో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 2022 మే 1న, కార్మిక దినోత్సవం నాడు ప్రజలందరూ బోరే బాసీ తినాలని పిలుపునిచ్చింది. మంత్రులు, అధికారులు బాసీ తింటున్న చిత్రాలు ఆ రోజు విస్తృతంగా ప్రచారమయ్యాయి.

ఆకుకూరలను ఇక్కడ ‘భాజీ’ అంటారు. ఛత్తీస్‌గఢ్ పేరులోని 36 కోటల మాదిరిగానే 36 రకాల భాజీలున్నాయని స్థానికులు చెప్పుకొంటారు. లాల్ భాజీ ఎర్ర తోటకూర, పోయీ భాజీ బచ్చలి, మూంగా భాజీ మునగాకు, చనా భాజీ లేత శనగాకు. ‘అమారీ’ అనే పుల్లని ఆకు గోంగూర కుటుంబానిదే. గోంగూర కోసం వెదికే తెలుగువారు కూరగాయల సంతలో ‘అమారీ భాజీ’ అని అడిగితే సరిపోతుంది.

గఢ్ కలేవా: ఒకేచోట అన్ని రుచులు

ఈ వంటకాలు సాధారణ హోటళ్లలో అరుదు. ఇళ్లలోనూ తీజా, పోలా, హరేలీ వంటి పండుగలకే ఎక్కువగా చేసుకుంటారు. వాటిని నగరవాసులకు అందుబాటులోకి తేవడానికి మహంత్ ఘాసీదాస్ స్మారక సంగ్రహాలయం ఆవరణలో 2016 జనవరి 26న ‘గఢ్ కలేవా’ ప్రారంభమైంది. కలేవా అంటే అల్పాహారం. పల్లెటూరి వాతావరణాన్ని తలపించే పందిళ్ల కింద కూర్చుని తినవచ్చు. మహిళా స్వయం సహాయక బృందం సభ్యులు వంట, వడ్డన బాధ్యతలు చూస్తారు.

చీలా, ఫరా, ముఠియా, బరా ఉదయం, సాయంత్రం ఆకలి తీరుస్తాయి. ఆవిరిపై ఉడికించే శనగపప్పు ముద్దల ‘బఫౌరీ’ నూనె వద్దనుకునేవారికి అనుకూలం. తీపిలో ఐర్సా, ఖుర్మీ, దేహ్‌రోరీ, కారంలో ఠేఠరీ దొరుకుతాయి. ఠేఠరీ, ఖుర్మీ నిల్వ ఉంటాయి కాబట్టి తిరుగు ప్రయాణంలో ఇంటికి తీసుకువెళ్లవచ్చు. నగరం మధ్యలోనే ఉన్నందున ఆసుపత్రి, కార్యాలయ పనులపై వచ్చినవారు కూడా సులభంగా చేరుకోగలరు. ఇదే నమూనాను తరువాత రాష్ట్రంలోని ఇతర జిల్లాలకూ విస్తరించారు.

వీధి తిండి

రాయ్‌పూర్ ఉదయం పోహాతో మొదలవుతుంది. అటుకుల ఉప్మా వంటి ఈ పోహాపై సేవ్, ఉల్లిపాయ ముక్కలు చల్లి, పక్కన వేడి జిలేబీ ఇస్తారు. రాయ్‌పూర్‌కు ఉత్తరాన ఉన్న భాటాపారా అటుకుల మిల్లులకు ప్రసిద్ధి. ముడిసరుకు పక్కనే దొరకడం వల్ల పోహా చవకైన అల్పాహారంగా నిలిచింది. సమోసా, కచోరీ, పెసరపప్పుతో చేసే మూంగోడీ, సగ్గుబియ్యం వడ తోపుడు బండ్లపై విరివిగా అమ్ముతారు. మనం ఆలూ బోండా అనేదాన్ని ఇక్కడ ‘ఆలూ గుండా’ అంటారు. పానీపూరీ పేరు ‘గుప్‌చుప్’. ఒడిశాలోనూ అదే పేరు వాడుకలో ఉంది.

జయస్తంభ్ చౌక్, మాలవీయ రోడ్డు, గోల్‌బజార్ పరిసరాల్లో పగలు, తేలీబాంధా చెరువు గట్టున సాయంత్రం తినుబండారాల దుకాణాలు సందడిగా ఉంటాయి. జయస్తంభ్ చౌక్‌కు చారిత్రక ప్రాధాన్యం కూడా ఉంది. సోనాఖాన్ జమీందారు వీర్ నారాయణ్ సింగ్‌ను బ్రిటిష్‌వారు 1857 డిసెంబరు 10న ఉరితీసింది ఇక్కడేనని చెబుతారు.

ఇడ్లీ, దోశ, భోజనం

దక్షిణాది రుచులు కోరుకునేవారికి ఇండియన్ కాఫీ హౌస్ నమ్మకమైన చోటు. 1950ల చివర్లో కాఫీ బోర్డు హోటళ్లను మూసివేసినప్పుడు, ఉపాధి కోల్పోయిన కార్మికులు ఎ.కె. గోపాలన్ నాయకత్వంలో సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని తామే నడపసాగారు. రాయ్‌పూర్‌లోని శాఖలు ఆ సంప్రదాయానికి చెందినవే. ఒక కాఫీ తీసుకుని ఎంతసేపు కూర్చున్నా లేవమనే అలవాటు ఇక్కడ ఉండదు. విద్యార్థులు, న్యాయవాదులు, విశ్రాంత ఉద్యోగులు గంటల తరబడి మాట్లాడుకుంటూ కనిపిస్తారు.

రోజూ హోటల్లో తినడం కంటే ‘టిఫిన్ సెంటర్’ వద్ద నెలకు మాట్లాడుకోవడం లాభసాటి. ఉత్తరాదిలో టిఫిన్ అంటే ఇడ్లీ, దోశ కాదు, క్యారియర్‌లో వచ్చే పూర్తి భోజనం అన్న సంగతి గుర్తుంచుకోవాలి. సాధారణంగా రొట్టెలు, పప్పు, ఒక కూర, కొద్దిగా అన్నం ఇస్తారు. రొట్టెలు తగ్గించి అన్నం పెంచమని ముందే చెబితే ఒప్పుకొనేవారు చాలామంది ఉంటారు.

ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు, హైదరాబాద్‌లో ఐదు రూపాయల భోజన కేంద్రాలు ఉన్నట్లే ఛత్తీస్‌గఢ్‌లో కార్మిక శాఖ ‘శహీద్ వీర్ నారాయణ్ సింగ్ శ్రమ్ అన్న యోజన’ కింద రూ.5కు వేడి భోజనం అందిస్తోంది. ఇది శ్రామికులను ఉద్దేశించిన పథకం. భవన నిర్మాణ పనులకు వచ్చినవారు తమ గుత్తేదారును లేదా కార్మిక శాఖ కార్యాలయాన్ని అడిగి నమోదు వివరాలు తెలుసుకోవాలి. నగరంలోని గురుద్వారాల్లో లంగర్ భోజనం కులమత భేదం లేకుండా ఉచితం. తలపై వస్త్రం కప్పుకుని, పాదరక్షలు బయట విడిచి వెళ్లాలి.

చెరువులు, ఘాట్లు: ఉచిత వినోదం

రాయ్‌పూర్ పాత బస్తీ చెరువుల చుట్టూ పెరిగిన ఊరు. నగర విస్తరణలో కొన్ని చెరువులు పూడిపోయాయి. మిగిలినవాటిలో పెద్దది బూఢా తాలాబ్. బాలుడైన నరేంద్రనాథ్, అంటే తరువాతి కాలపు వివేకానందుడు, 1877 నుంచి 1879 వరకు తండ్రి ఉద్యోగరీత్యా రాయ్‌పూర్‌లోనే గడిపారు. ఆ జ్ఞాపకార్థం ఈ చెరువుకు వివేకానంద సరోవరం అని పేరుపెట్టి, మధ్యనున్న ద్వీపంలో ఆయన భారీ విగ్రహం నెలకొల్పారు.

తేలీబాంధా చెరువు గట్టును స్థానికులు ‘మెరైన్ డ్రైవ్’ అంటారు. ఎత్తైన జాతీయ జెండా, నడక దారి, తినుబండారాల దుకాణాలు ఉన్న ఈ ప్రాంతం సాయంత్రం కుటుంబాలతో కిటకిటలాడుతుంది. ఖారూన్ నది ఒడ్డున మహాదేవ్ ఘాట్‌లో హాట్‌కేశ్వర మహాదేవ ఆలయం, నదిపై వేలాడే వంతెన ఉన్నాయి. కార్తీక పౌర్ణమి నాడు ఇక్కడ జరిగే పున్నీ మేళాకు చుట్టుపక్కల పల్లెల జనం తరలివస్తారు. పాత బస్తీలోని మహామాయ ఆలయం, దూధాధారీ మఠం కూడా ఖర్చు లేకుండా చూడదగినవి.

కలెక్టరేట్ దగ్గరి ఘడీ చౌక్‌లో ఆగితే మరో వింత తెలుస్తుంది. అక్కడి నగర గడియారం గంట కొట్టే ముందు ఛత్తీస్‌గఢీ జానపద బాణీలు వినిపిస్తుంది.

సంగ్రహాలయం, ముక్తాంగన్, సఫారీ

రాజనాంద్‌గావ్ సంస్థానాధీశుడు మహంత్ ఘాసీదాస్ 1875లో నెలకొల్పిన సంగ్రహాలయం దేశంలోని పాత మ్యూజియంలలో ఒకటి. ప్రస్తుత భవనాన్ని 1953లో అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. సిర్పూర్‌లో దొరికిన కంచు విగ్రహాలు, శాసనాలు, నాణేలు, గిరిజనుల పనిముట్లు, ఆభరణాలు ఇక్కడున్నాయి. ఆవరణలోని ఆరుబయలు వేదికపై నాటకాలు, జానపద ప్రదర్శనలు జరుగుతుంటాయి. మ్యూజియం చూసి, గఢ్ కలేవాలో తిని, వేదికపై కార్యక్రమం ఉంటే చూసి రావడం ఒక పూటకు చాలిన వినోదం.

నవా రాయ్‌పూర్‌లో ‘పుర్ఖౌతీ ముక్తాంగన్’ను 2006 నవంబరులో అప్పటి రాష్ట్రపతి ఏపీజే అబ్దుల్ కలాం ప్రారంభించారు. పుర్ఖౌతీ అంటే పూర్వీకులదని అర్థం. బస్తర్, సర్గుజా గిరిజనుల ఇళ్లు, నృత్య భంగిమలు, ప్రాచీన కట్టడాల నమూనాలను ఆరుబయట ఏర్పాటు చేశారు. దాదాపు 800 ఎకరాల జంగిల్ సఫారీని ప్రధాని నరేంద్ర మోదీ 2016 నవంబరు 1న ప్రారంభించారు. ఈ రెండింటికీ సోమవారం సెలవు. ఆ రోజున నగరం నుంచి ఆటోలో వెళితే కిరాయి వృథా అవుతుంది.

పండవానీ, నాచా, సినిమా, క్రికెట్

బుర్రకథ ఎరిగిన తెలుగువారికి ‘పండవానీ’ని పరిచయం చేయనక్కర్లేదు. తంబురా చేతబట్టి భారత కథను పాడుతూ, మధ్యమధ్య అభినయిస్తూ చెప్పే కళ ఇది. దీనికి ప్రపంచ ఖ్యాతి తెచ్చిన తీజన్ బాయికి 2019లో పద్మవిభూషణ్ లభించింది. పల్లెల్లో తెల్లవార్లూ సాగే ‘నాచా’ మన వీధి నాటకానికి సమీపం. రాయ్‌పూర్‌లో 1923లో జన్మించిన నాటకకర్త హబీబ్ తన్వీర్ నాచా కళాకారులతోనే 1975లో ‘చరణ్‌దాస్ చోర్’ రూపొందించారు. ఆ నాటకం 1982లో ఎడిన్‌బరోలో బహుమతి గెలిచింది.

ఈ కళలను ఉచితంగా చూసే మంచి అవకాశం నవంబరు 1 రాష్ట్రావతరణ సందర్భంగా జరిగే రాజ్యోత్సవం. ఆంధ్రప్రదేశ్ అవతరణ కూడా అదే తేదీన జరగడం విశేషం. 2019లో మొదలైన జాతీయ గిరిజన నృత్యోత్సవానికి విదేశీ బృందాలు సైతం రాయ్‌పూర్ వచ్చి ఆడాయి.

ఛత్తీస్‌గఢీ సినిమా 1965లో మను నాయక్ తీసిన ‘కహీ దేబే సందేశ్’తో మొదలైంది. సతీశ్ జైన్ దర్శకత్వంలో 2000 అక్టోబరులో, రాష్ట్రం ఏర్పడటానికి కొద్ది రోజుల ముందు వచ్చిన ‘మోర్ ఛైంహా భుంయ్యా’ విజయంతో పరిశ్రమ నిలదొక్కుకుంది. భాష సులభం కాబట్టి కొద్దిపాటి హిందీ వచ్చినవారికీ కథ అర్థమవుతుంది.

నవా రాయ్‌పూర్‌లోని శహీద్ వీర్ నారాయణ్ సింగ్ అంతర్జాతీయ క్రికెట్ మైదానం దేశంలోని పెద్ద మైదానాల్లో ఒకటి. ఇక్కడ తొలి అంతర్జాతీయ వన్డే 2023 జనవరి 21న జరిగింది. న్యూజిలాండ్‌ను 108 పరుగులకే కూల్చి భారత్ 8 వికెట్ల తేడాతో గెలిచింది.

ఒక్కరోజులో వెళ్లి రాదగినవి

రాజిం: మహానది, పైరీ, సోంఢూర్ నదుల సంగమం. నగరానికి సుమారు 45 కిలోమీటర్లు. రాజీవలోచన ఆలయం ప్రధాన ఆకర్షణ. మాఘ పౌర్ణమి నుంచి శివరాత్రి వరకు పెద్ద జాతర జరుగుతుంది. మెమూ రైలు వల్ల ప్రయాణం చవకైంది.

చంపారణ్: రాజింకు సమీపంలోని ఈ గ్రామం తెలుగువారికి ప్రత్యేకమైనది. పుష్టిమార్గ స్థాపకుడు వల్లభాచార్యుడు 1479లో ఇక్కడ జన్మించినట్లు సంప్రదాయం చెబుతోంది. తల్లిదండ్రులు లక్ష్మణభట్టు, ఇల్లమ్మగారు తెలుగు వైదిక బ్రాహ్మణులు. కాశీ నుంచి స్వస్థలానికి తిరిగి వస్తుండగా దారిలో ఈ అడవిలో శిశువు జన్మించాడని కథనం. గుజరాత్, రాజస్థాన్ భక్తులతో కళకళలాడే ఈ క్షేత్రానికి తెలుగు మూలం ఉందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

సిర్పూర్: సుమారు 80 కిలోమీటర్ల దూరంలో మహానది ఒడ్డున ఉంది. ఇటుకలతో కట్టిన లక్ష్మణ ఆలయం ఏడో శతాబ్దానిది. బౌద్ధ విహారాల శిథిలాలు కూడా చూడవచ్చు.

భిలాయ్: లోకల్ రైలులో వెళ్లి రావచ్చు. సోవియట్ సహకారంతో నిర్మించిన ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. రెండు దేశాల స్నేహానికి గుర్తుగా ఏర్పాటైన మైత్రీ బాగ్‌లో జంతుప్రదర్శనశాల ఉంది. ఉక్కు నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. సెక్టార్ 5లోని బాలాజీ ఆలయం వారికి కూడలి.

విదేశీయులు గమనించవలసినవి

విదేశీ అతిథి దిగిన 24 గంటల్లోగా హోటల్ యాజమాన్యం అధికారులకు తెలియజేయాలి. అందువల్ల కొన్ని చిన్న లాడ్జీలు విదేశీయులకు గదులు ఇవ్వవు. ముందుగా ఫోన్ చేసి అడగడం మేలు. పురావస్తు శాఖ కట్టడాల వద్ద విదేశీయులకు టికెట్ ధర ఎక్కువ. సార్క్, బిమ్‌స్టెక్ దేశాలవారికి మాత్రం భారతీయులతో సమానంగా తీసుకుంటారు. ఛత్తీస్‌గఢ్‌లో గోవధపై నిషేధం ఉన్నందున హోటళ్లలో గోమాంసం దొరకదు. ‘శుద్ధ్ శాకాహారీ’ అని బోర్డు ఉన్నచోట గుడ్డు కూడా అడగకూడదు. ప్రయాణికుల కోసం ప్రవేశపెట్టిన ‘యూపీఐ వన్ వరల్డ్’ వాలెట్‌తో భారతీయ బ్యాంకు ఖాతా లేకున్నా చిన్న దుకాణాల్లో చెల్లించవచ్చు.

జాగ్రత్తలు

మే నెలలో ఎండ 45 డిగ్రీల వరకు చేరుతుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు తిరగడానికి అనువైన కాలం. వేసవిలో తాగునీటి విషయంలో అశ్రద్ధ తగదు. 2020 ఏప్రిల్‌లో నగరంలోని పలు బస్తీల్లో కామెర్లు ప్రబలాయి. గుప్‌చుప్ నీరు, చెరకు రసంలో ఐసు, ముందే కోసి ఉంచిన పండ్లు రోగుల సహాయకులు, చిన్నపిల్లలు మానుకోవడం మంచిది. కళ్లముందు వేడిగా వేయించే పోహా, చీలా, ఆలూ గుండాతో అంత భయం లేదు. హోటల్‌లో ఆహార భద్రతా సంస్థ లైసెన్సు సంఖ్య కనబడేలా ఉందో లేదో చూసుకోవాలి.

అడగడానికి ఉపయోగపడే మాటలు

చాఉర్: బియ్యం. భాత్: అన్నం. పసియా: గంజి. పతాల్: టమాటా. గోందలీ: ఉల్లిపాయ. భాటా: వంకాయ. జిమీకాందా: కంద. దహీ: పెరుగు. పతాల్ చట్నీ: టమాటా పచ్చడి.

పలకరింపుకు ‘జై జోహార్’ అంటారు. దుకాణదారును ‘భైయా’ అని, మహిళలను ‘దీదీ’ అని, వృద్ధురాలిని ‘దాయీ’ అని పిలుస్తారు. హిందీ తడబడినా ఫరవాలేదు. ‘దాయీ, భాత్’ అన్న రెండు మాటలతో రాయ్‌పూర్‌లో ఆకలి తీరుతుంది.